సలహా చెప్పడం వేరు, తీర్పు చెప్పడం వేరు

అనుకోకుండా నెల తప్పిన ఆడమనిషి ఆసుపత్రికి వచ్చినప్పుడు డాక్టరు గానీ నర్సమ్మ గానీ ఆమెకు ఏం చెప్పాలి? తమ మనసుకు నచ్చని దారి కూడా ఉందని చెప్పాలా? చెప్పకుండా ఊరుకుంటే తప్పు చేసినట్టా? పైకి ఇవి వైద్యం ప్రశ్నల్లా ఉంటాయి. లోపల ఉన్నది నీతి ప్రశ్న. ఒకరి బతుకు గురించి తేల్చే హక్కు ఇంకొకరికి ఎంతవరకు ఉంటుంది?

ఈ ప్రశ్న ఆదివాసులమైన మనకు కొత్త కాదు. పోడు కొండ ఎవరిది, ఊరు ఎక్కడికి తరలాలి, బడిలో పిల్లలకు ఏ భాషలో చెప్పాలి – ఇలాంటివెన్నో మనల్ని అడగకుండానే తేల్చారు. ఆ బాధ తెలిసినవాళ్లం గనుక మన ఆడపిల్లల విషయంలో అదే జరుగుతుంటే ముందు మనమే గుర్తుపట్టాలి. చేసేది డాక్టరైనా, కులపెద్ద అయినా, మనమే అయినా సరే.

ఇంకో కారణం కూడా ఉంది. మన పిల్లలు ఇప్పుడు ఏఎన్ఎం, జీఎన్ఎం, బీఎస్సీ నర్సింగ్ చదువుతున్నారు. కొందరు డాక్టర్లు అవుతున్నారు. గూడేల్లో ఆశా కార్యకర్తలు చాలావరకు మనవాళ్లే. ఆసుపత్రి బల్లకు అవతల కూర్చుని సలహా చెప్పేవాళ్లు రేపు మన బళ్లలోంచే వెళతారు. కాబట్టి ఈ మాట బడిలోనే మొదలు కావాలి.

దారులు మూడు

అనుకోని కడుపు వచ్చినప్పుడు ఆడమనిషి ముందు మూడు దారులుంటాయి. బిడ్డను కని పెంచుకోవడం ఒకటి. కని చట్టప్రకారం దత్తతకు అప్పగించడం రెండోది. కడుపు తీయించుకోవడం మూడోది. సలహా చెప్పేవారికి మూడింటి గురించీ సరిగ్గా తెలిసి ఉండాలి.

మొదటి దారి గురించి చెప్పేటప్పుడు "కను, నారు పోసినవాడు నీరు పోయకపోడు" అంటే సరిపోదు. 2011లో మొదలైన జననీ శిశు సురక్షా కార్యక్రమం ప్రకారం ప్రభుత్వ ఆసుపత్రిలో కాన్పు, సిజేరియన్, మందులు, రక్తం, బండి అన్నీ ఉచితం. కేంద్రం ఇచ్చే మాతృవందన సాయం మొదటి బిడ్డకు 5,000 రూపాయలు, రెండో కాన్పులో ఆడపిల్ల పుడితే 6,000 రూపాయలు. రోడ్డు లేని కొండ ఊళ్ల గర్భిణులు నొప్పులు రాకముందే వచ్చి ఉండడానికి ఏజెన్సీలో కొన్నిచోట్ల వసతి గృహాలున్నాయి. రక్తహీనత, సికిల్ సెల్ మన తెగల్లో ఎక్కువ కాబట్టి ఆ పరీక్షలు ముందే చేయించాలి. పెంచుకోవాలనుకునే తల్లికి ఇవన్నీ చెప్పకపోతే ఆమెకు ఆ దారి సగమే చూపించినట్టు.

రెండో దారి గురించి మన ఆసుపత్రుల్లో దాదాపు ఎవరూ మాట్లాడరు. 2015 నాటి బాల న్యాయ చట్టం ప్రకారం, పెంచలేని తల్లి బిడ్డను జిల్లా బాలల సంక్షేమ కమిటీ ముందు అప్పగించవచ్చు. ముందు ఆమెతో మాట్లాడి కౌన్సెలింగ్ ఇస్తారు. అప్పగించాక కూడా మనసు మార్చుకోవడానికి రెండు నెలల గడువు ఉంటుంది. 1956 నాటి హిందూ దత్తత చట్టం షెడ్యూల్డ్ తెగలకు తనంతట తాను వర్తించదు. మనలో బిడ్డను అన్నదమ్ముల ఇంటికో మేనమామ ఇంటికో ఇచ్చి పెంచే ఆచారం ఉంది గానీ, బయటివారికి ఇచ్చేటప్పుడు ఈ బాల న్యాయ చట్టం దారిలోనే వెళ్లాలి. ఆ దారి తప్పితే ఏమవుతుందో మనం చూశాం. 1999లోనూ 2001లోనూ హైదరాబాదులో దత్తత కేంద్రాల బాగోతం బయటపడినప్పుడు, లంబాడా తండాల ఆడశిశువులను దళారులు కొని తెచ్చారన్న సంగతి వెలుగులోకి వచ్చింది. అప్పుడు పేద తల్లికి సలహా చెప్పినవాడు బేరగాడు. అందువల్ల "ఎవరికైనా ఇచ్చెయ్యి, నేను చూసిపెడతా" అనే మాట ఏ వైద్య సిబ్బంది నోటా రాకూడదు. బిడ్డను అమ్మడం, కొనడం నేరం.

మూడో దారికి మన దేశంలో 1971 నుంచి చట్టం ఉంది. 2021లో దాన్ని సవరించారు. 20 వారాల లోపు ఒక డాక్టరు అభిప్రాయం చాలు. 20 నుంచి 24 వారాల మధ్య అయితే ఇద్దరు డాక్టర్లు కావాలి. అత్యాచారానికి గురైనవారు, మైనర్లు, కడుపుతో ఉండగా భర్త చనిపోయినవారు లేదా విడిపోయినవారు, వికలాంగులు వంటివారికి ఈ వీలు ఉంది. 24 వారాలు దాటాక, పిండంలో తీవ్రమైన లోపం ఉందని మెడికల్ బోర్డు తేలిస్తే కుదురుతుంది. పెళ్లికాని స్త్రీలను 20–24 వారాల వీలు నుంచి పక్కన పెట్టకూడదని 2022 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు చెప్పింది. పద్దెనిమిదేళ్లు నిండిన స్త్రీకి ఆమె సంతకం ఒక్కటే చాలు. భర్త సంతకం, తండ్రి సంతకం చట్టం అడగదు. ఆమె పేరు బయటపెడితే డాక్టరుకైనా ఏడాది వరకు జైలు పడవచ్చు.

ఇక్కడ చాలామందికి ఒక అయోమయం ఉంది. "అబార్షన్ నేరం కదా" అని సిబ్బందే అంటారు. కడుపులో ఉన్నది ఆడో మగో చెప్పడం 1994 నాటి చట్టం ప్రకారం నేరం. ఆడపిల్ల అని తెలుసుకుని తీయించడం నేరం. ఈ రెంటినీ కలిపేసి, చట్టబద్ధంగా రావాల్సిన సేవ కోసం వచ్చిన మనిషిని బెదిరించి పంపేస్తే, ఆమె వెళ్లేది ఆర్‌ఎంపీ దగ్గరికో, పుల్లలూ పసర్లూ పెట్టేవాళ్ల దగ్గరికో. అక్కడ ప్రాణం పోయే ప్రమాదం ఉంది.

అడగకుండా చేసినా, అడగకుండా ఆపినా

సలహా పేరుతో బలవంతం ఎలా జరుగుతుందో తెలుసుకోవాలంటే కుటుంబ నియంత్రణ చరిత్ర చూడాలి. ఎమర్జెన్సీ కాలంలో 1976–77 ఒక్క ఏడాదిలో దేశంలో 80 లక్షలకు పైగా ఆపరేషన్లు చేశారు. లక్ష్యాలు ముందే రాసిపెట్టుకుని మనుషుల్ని వెతుక్కున్నారు. మన పొరుగున ఛత్తీస్‌గఢ్‌లో, 2014 నవంబరులో బిలాస్‌పుర్ దగ్గర ఒక క్యాంపులో కొద్ది గంటల్లోనే 83 మంది స్త్రీలకు ఆపరేషన్లు చేశారు. పదిమందికి పైగా చనిపోయారు. ఇలాంటి క్యాంపులు మూడేళ్లలో ఆపేయాలని 2016లో సుప్రీంకోర్టు ఆదేశించింది.

ఇది ఒక వైపు. ఇంకో వైపు కూడా చూడాలి. 1979లో అప్పటి మధ్యప్రదేశ్ ప్రభుత్వం బైగా వంటి తెగల జనాభా తగ్గిపోతోందని, వారికి కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేయకూడదని ఉత్తర్వు ఇచ్చింది. మంచి ఉద్దేశమే కావచ్చు. కానీ నలుగురైదుగురు పిల్లలు పుట్టాక ఇక చాలు అనుకున్న బైగా స్త్రీ ఆసుపత్రికి వెళితే, "నువ్వు బైగావి, నీకు చేయం" అన్నారు. చివరికి బైగాలే కోర్టుకు వెళ్లాల్సి వచ్చింది. 2018లో ఛత్తీస్‌గఢ్ హైకోర్టు ఆ నిషేధాన్ని కొట్టేసింది.

ఈ రెండు కథలూ పక్కపక్కన పెట్టి చూడండి. ఒకచోట ఆపరేషన్ చేయించుకోమని నెట్టారు, ఇంకోచోట వద్దని ఆపారు. రెండుచోట్లా ఆ స్త్రీని "నీకేం కావాలి?" అని అడిగినవాళ్లు లేరు. అనుకోని గర్భం విషయంలోనూ ఇంతే. "తీయించేసుకో, ఉన్నవాళ్లనే సాకలేకపోతున్నావు" అని నెట్టే డాక్టరు, "పాపం, కనాల్సిందే" అని ఆపే నర్సమ్మ వేర్వేరు మాటలు చెప్పినట్టు కనిపిస్తారు. ఇద్దరూ ఆమె చోటులో తామే కూర్చుని తీర్పు చెప్పారు. మూడో రకం వాళ్లూ ఉన్నారు. ఏమీ చెప్పకుండా "వచ్చే నెల రా" అని పంపేసేవాళ్లు. వారాలు గడిచేకొద్దీ దారులు మూసుకుపోయే చోట, మాట దాచడం కూడా తీర్పు చెప్పడమే.

చట్టంలోనూ ఒక లోపం ఉంది. అది ఇప్పటికీ "డాక్టరు అభిప్రాయం" మీదే నడుస్తుంది. ఆమె కోరిక ఒక్కటే చాలదు. అంత అధికారం చేతిలో ఉన్న మనిషి మాట్లాడే తీరులో మరింత జాగ్రత్త ఉండాలి.

ఎలా చెప్పాలి

మొదట ఆమెను ఒంటరిగా మాట్లాడనివ్వాలి. అత్తో, మొగుడో, తోటికోడలో పక్కనుంటే ఆమె నోట నిజం రాదు. బీపీ చూడాలనో, బరువు చూడాలనో లోపలికి పిలిచి, అప్పుడు అడగాలి. "నీతో ఎవరు ఉండాలి?" అన్నది కూడా ఆమెనే అడగాలి. పరీక్షలో కడుపు అని తేలగానే "శుభం, స్వీట్ ఏదీ?" అనకూడదు. "అయ్యో" అని కూడా అనకూడదు. "పరీక్షలో కడుపని వచ్చింది. నీకెలా అనిపిస్తోంది?" అని ఆగితే చాలు. ఆ తర్వాత వచ్చే మౌనాన్ని ఓర్చుకోవడం రావాలి. ఓపీలో యాభై మంది వరుసలో ఉండగా ఇది కష్టమే. అందుకే ఈ మాట డాక్టరు ఒక్కరి మీదే పెట్టకుండా, నర్సమ్మకో కౌన్సెలర్‌కో వేరే గది, వేరే సమయం ఉండాలి.

భాష రెండో సంగతి. కువి, సవర, కోయ, గోండి, కొలామి, ఆదివాసీ ఒడియా మాట్లాడే స్త్రీకి తెలుగులో గబగబా చెప్పి "అర్థమైందా?" అంటే తల ఊపుతుంది. అది ఒప్పుకోవడం కాదు, మర్యాద. మధ్యలో మాట మార్చి చెప్పడానికి మొగుణ్ణో పిల్లల్నో పెట్టకూడదు. గుట్టు దాచగల ఆడమనిషి ఉండాలి. చెప్పినదాన్ని ఆమె మాటల్లో తిరిగి చెప్పించుకుంటే ఎంత చేరిందో తెలుస్తుంది. ఇది బడిలో పిల్లలతో మనం రోజూ చేసే పనే.

వారాల లెక్క మూడోది. చివరి బహిష్టు తేదీ అడిగితే చాలామంది చెప్పలేరు. ఇప్పపువ్వు ఏరేటప్పుడా, మామిడికొత్త ముందా తర్వాతా, నాగోబా జాతరకు వెళ్లినప్పుడు ముట్టు వచ్చిందా అని అడిగితే చెబుతారు. తర్వాత స్కానింగ్‌తో సరిచూసుకోవచ్చు. తొమ్మిది వారాల లోపు అయితే మందులతోనే జరిగే వీలు ఉంటుంది. అది డాక్టరు పర్యవేక్షణలో జరగాలి, దుకాణంలో కొని మింగేది కాదు. లెక్క తెలిస్తే తొందరపడాలో, రెండు రోజులు ఆలోచించుకోవచ్చో ఆమెకే తెలుస్తుంది.

ఇక నాలుగోది, చెప్పే తీరు. మూడు దారులూ ఒకే గొంతుతో చెప్పాలి. ఒకదాన్ని అయిదు నిమిషాలు చెప్పి ఇంకోదాన్ని అర నిమిషంలో ముగించడం కూడా ఒత్తిడే. ప్రతిదానిలో నొప్పి ఎంత, ఖర్చు ఎంత, ఎన్నిసార్లు రావాలి, ఏ ప్రమాదం ఉండవచ్చు అన్నది నిజాయితీగా చెప్పాలి. "ఆపరేషన్‌కు ఒప్పుకుంటేనే కడుపు తీస్తాం", "లూప్ వేయించుకుంటేనే చేస్తాం" అనే షరతులు పెట్టకూడదు. కుటుంబ నియంత్రణ గురించి తర్వాత ఇంకో మాటగా చెప్పవచ్చు.

అయిదోది అన్నింటికంటే ముఖ్యం. "మూడు దారులున్నాయి, నీ ఇష్టం" అని చేతులు దులుపుకుంటే అది సలహా కాదు. నలభై కిలోమీటర్ల దూరంలో ఉన్న ఆసుపత్రి, వారానికి ఒకసారి వచ్చే లేడీ డాక్టరు, చేతిలో పైసా లేని మనిషి – ఈ స్థితిలో దారి పేరు చెప్పడం వేరు, దారి తెరవడం వేరు. ఏ రోజు డాక్టరమ్మ ఉంటారు, ఎవరిని కలవాలి, ఏ బండి వస్తుంది, ఆశా అమ్మ తోడు వస్తుందా – ఇవి చెప్పాలి. తర్వాత ఎక్కువ రక్తం పోయినా, జ్వరం వచ్చినా, పొత్తికడుపు నొప్పి తగ్గకపోయినా వెంటనే రమ్మని చెప్పాలి. ఎక్కడో తీయించుకుని పాడైపోయి వచ్చిన మనిషికి ముందు వైద్యం చేయాలి. తిట్లు ఎప్పుడూ వద్దు.

మనలో నుంచి వచ్చే ప్రశ్నలు

మన పెద్దలు అడుగుతారు: మనవి చిన్న తెగలు. కొండరెడ్లు, తోటీలు, చెంచులు ఇప్పటికే కొద్దిమంది. కడుపులు తీయించుకోమని చెబితే జాతి మిగులుతుందా? ఈ భయాన్ని కొట్టిపారేయలేం. కానీ జాతి తగ్గడానికి కారణాలు వెతికితే మలేరియా, రక్తహీనత, పోషకాహారం లేకపోవడం, పసిపిల్లల చావులు, డోలీలో ఆసుపత్రికి చేరేలోపే పోయే బాలింతలు కనబడతారు. వాటిని వదిలేసి, జాతిని నిలబెట్టే భారమంతా ఇష్టంలేని కడుపు మోస్తున్న ఒక్క ఆడపిల్ల మీద వేయడం న్యాయం కాదు. బైగాల కథ చెప్పేది ఇదే.

ఇంకో ప్రశ్న: ఇంటివాళ్లకు, మొగుడికి మాట ఉండదా? ఉంటుంది, ఆమె పిలిస్తే. మన తెగల్లో చాలాచోట్ల ఆడది ఇష్టపడినవాణ్ణి చేసుకోవచ్చు, ఇష్టం లేకపోతే వదిలి మారు మనువు పోవచ్చు. ఈ స్వేచ్ఛ గురించి బయట గర్వంగా చెప్పుకుంటాం. అదే పిల్ల కడుపు విషయం వచ్చేసరికి పెద్దలు కూర్చుని తప్పు కట్టించి తేల్చేస్తామంటే ఆ గర్వానికి అర్థం ఉండదు.

వైద్యులు అడిగే ప్రశ్న ఒకటి ఉంది: నా మనసు ఒప్పుకోని పని నేనెందుకు చేయాలి? మనసు ఒప్పుకోని డాక్టరు ఆ పని తాను చేయలేనని మర్యాదగా చెప్పి, చేసే డాక్టరు దగ్గరికి అదే రోజు పంపవచ్చు. దారే లేదని అబద్ధం చెప్పే హక్కు, ఆలస్యం చేసే హక్కు మాత్రం ఉండదు. ప్రాణం మీదికి వస్తే ఆ సాకు కూడా చెల్లదు. ఒకరి నమ్మకం వారి చేతిని ఆపవచ్చు, ఇంకొకరి కాళ్లకు సంకెల కాకూడదు.

అన్నిటికన్నా కష్టమైన ప్రశ్న చివరిది. ఇంట్లో గింజలు లేక, మొగుడు వలస పోయి, దిక్కులేక "తీయించేయండమ్మా" అనే స్త్రీది స్వేచ్ఛగా తీసుకున్న నిర్ణయమా? పూర్తిగా అవునని మనం అనలేం. ఆ లేమి ఆమె కోరి తెచ్చుకున్నది కాదు. అందుకే ఉన్న సాయం అంతా ముందు ఆమె ముందు పెట్టాలి. పెట్టాక కూడా ఆమె అదే మాట అంటే, "ఇది నీ పేదరికం అంటున్న మాట, నీది కాదు" అని తోసిపుచ్చకూడదు. పేదవాళ్ల మాటను ఇలాగే ఎప్పుడూ లెక్కలోంచి తీసేశారు. సమాజం బాగుపడేదాకా ఆమె కడుపు ఆగదు. లేమి మీద పోరాడటం మనందరి పని, నిర్ణయం ఆమెది.

బడిపిల్లల విషయంలో

పద్దెనిమిదేళ్లు నిండని పిల్ల అయితే సంగతి వేరు. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం విషయం తెలిసినవారు పోలీసులకు చెప్పాలి. టీచరైనా, డాక్టరైనా అంతే. కడుపు తీయడానికి సంరక్షకుల రాతపూర్వక అనుమతి కావాలి. ఈ చట్టం పిల్లల్ని కాపాడటానికే వచ్చింది. కానీ కేసు అవుతుందన్న భయంతో ఇంటివాళ్లు పిల్లను ఆసుపత్రికి తేకుండా దాచే ప్రమాదమూ ఉంది. ఇద్దరూ ఇష్టపడి కలిసిన సందర్భాల్లో, మైనరు, ఆమె సంరక్షకులు కోరితే, పోలీసులకు ఇచ్చే సమాచారంలో పిల్ల పేరు, వివరాలు చెప్పనవసరం లేదని 2022 తీర్పులో సుప్రీంకోర్టు డాక్టర్లకు వీలు ఇచ్చింది. ఈ సంగతి తెలియక వెనక్కి తిప్పే ఆసుపత్రులు ఉండకూడదు. బలవంతం జరిగిన చోట మాత్రం దాచడం దోషిని కాపాడటమే.

ఆశ్రమ పాఠశాలలో పిల్లకు కడుపని తెలిస్తే మొదట జరిగేది ఆమెను ఇంటికి పంపేయడం. తర్వాత పేపరులో వార్త. చదువు అక్కడితో ఆగిపోతుంది. టీచర్లమైన మనం చేయగలిగినవి ఉన్నాయి. ఎనిమిదో తరగతి నుంచే శరీరం గురించి, నెలసరి గురించి, ఒప్పుకోలు గురించి సిగ్గుపడకుండా పాఠం చెప్పాలి. మగపిల్లలకు కూడా చెప్పాలి. స్టాఫ్‌రూంలో ఆ పిల్ల పేరు చర్చకు పెట్టకూడదు. మళ్లీ బడిలో చేర్చే బాధ్యత మనదే అనుకోవాలి. దగ్గరి ఆసుపత్రిలో ఏ సేవ ఏ రోజు దొరుకుతుందో తెలుసుకుని ఉండాలి. 1098 నంబరు గోడ మీద రాసి ఉంచాలి.

యువతకు ఒక మాట. మీలో రేపు తెల్లకోటు వేసుకునేవాళ్లు ఉంటారు. ఆసుపత్రికి వచ్చిన మన ఆడమనిషి మీ భాష విని ముందు ఊపిరి పీల్చుకుంటుంది. ఆ నమ్మకంతో ఆమెను మీకు నచ్చిన దారిలోకి నడిపించడం చాలా తేలిక. అందుకే మీకు అది చాలా జాగ్రత్తగా ఉండాల్సిన చోటు. తెలిసినదంతా చెప్పండి. ఆమె చెప్పేది వినండి. ఆమె ఏది ఎంచుకున్నా ఆ దారిలో కొంత దూరం తోడు వెళ్లండి.